ఎరుపు కాదని చెప్పడానికి వెళ్లిన అక్కగారు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం, మా కార్చిచ్చు హెచ్చరికల కార్యాలయంలో సహాయ గణాంక అధికారిణిగా ఒక యువతి విధుల్లో చేరారు. ఆ రోజు ఆవిడకు కేటాయించిన కుర్చీకి ఒక చెయ్యి లేదు. కిటికీ తలుపు సరిగా పడేది కాదు. బల్ల సొరుగులో అంతకుముందు పనిచేసిన ఉద్యోగి మరిచిపోయిన గొడుగు ఒకటి అలాగే ఉంది. కుర్చీ మార్చమని గాని, కిటికీ బాగుచేయించమని గాని ఆవిడ కోరలేదు. గోడమీది పెద్ద పటం ముందు కాసేపు నిలబడి, "ఈ రంగులు ఎవరు వేస్తారండీ? వేసేవాళ్లు ఎప్పుడైనా అక్కడికి వెళ్లి చూశారా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానం వెతకడంలోనే తన ఉద్యోగ జీవితమంతా గడిపి, ఆవిడ ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

చేరిన ఏడాది తిరగకముందే, తనకంటే వయసులో పెద్దవారైన అటెండరుతో సహా కార్యాలయమంతా ఆవిడను 'అక్కగారు' అని పిలవసాగింది. ఆ పిలుపులో ప్రేమ ఎంతో భయమూ అంతే. లెక్కలో నిర్లక్ష్యం కనబడితే పక్కకు పిలిచి నెమ్మదైన గొంతుతోనే గడ్డి పెట్టేవారు. పెట్టించుకున్నవారే ఆ మధ్యాహ్నం ఆవిడ పక్కన కూర్చుని భోజనం చేసేవారు. ఆ వరసనే, పళ్ల డాక్టరుగా మంచి పేరున్న వారి శ్రీవారు మా అందరికీ బావగారైపోయారు. "రోజంతా నోళ్లు తెరిపించడం నా వృత్తి, ఇంటికొచ్చాక నోరు మూసుకోవడం నా సంసారం" అన్న ఆయన చమత్కారాన్ని ఈ అభినందన సంచిక చదివేవారిలో కనీసం ఒకసారైనా విననివారు ఉండరు. ఆయన అన్నంత నోరు మూసుకున్న దాఖలా మాత్రం మాకెవరికీ కనబడలేదు.

ఈ సంచికను చదివే కుటుంబసభ్యుల కోసం, ముఖ్యంగా చిన్నప్పుడు "మా అమ్మ ఆఫీసులో రంగులేస్తుంది" అని బడిలో చెప్పి వచ్చిన వారి కుమార్తె కోసం, ఆ పని ఏమిటో ఒక మాట చెప్పడం ఉచితం. మా పరిధిలోని ప్రాంతం ఒక్క రోజు ప్రయాణంలో దాటలేనంత విశాలమైనది: కొండలు, గడ్డి మైదానాలు, పొదలు కమ్ముకున్న లోయలు, వాటి నడుమ ఊళ్లు. ఆ నేలనంతటినీ చిన్న చిన్న గడులుగా విభజించి, ఈ రోజు ఒక్కొక్క గడిలో నిప్పురవ్వ పడితే అంటుకునే అవకాశం ఎంత, అంటుకుంటే ఎంత వేగంగా పాకుతుంది అన్న సంగతిని ఎండ, గాలి, తేమ, నేల వాలు, ఎండిన గడ్డి వంటి అంశాలతో లెక్కగట్టి, ఆకుపచ్చ మొదలు ఎరుపు దాకా రంగుల్లో చూపించే గణిత నమూనాను ప్రతి ఉదయం నడపడం మా విధి. ఎరుపు పడిన చోట ఆ రోజు ఆరుబయట నిప్పు ముట్టించడం నిషిద్ధం. గాలి కూడా తోడైతే ఊళ్లు ఖాళీ చేయవలసి రావచ్చు. ప్రతి గడిలోనూ కొలిచే పరికరాలు పెట్టడం ఎవరి తరమూ కాదు గనుక, పరికరాల స్తంభం ఉన్న చోటి కొలతను చుట్టుపక్కల గడులకూ విస్తరించి అంచనా వేస్తాం. అంటే, మా పటంలో తెలిసినది కొంత, ఊహించినది ఎంతో. ఈ సంగతిని ఆవిడ ఏనాడూ మరచిపోలేదు, ఇతరులను మరచిపోనివ్వలేదు.

తొలి సంవత్సరాల్లో పటం చేత్తోనే తయారయ్యేది. టెలిఫోనులో వచ్చిన కొలతలను కాగితం మీద రాసుకుని, లెక్కించి, రంగు పెన్సిళ్లతో గడులు నింపేవారు. ఎరుపు పెన్సిలు తొందరగా అరిగిపోయిన సంవత్సరాన్ని చెడ్డ సంవత్సరంగా గుర్తుపెట్టుకునేవారు. తరువాత కంప్యూటర్లు వచ్చాయి, ఉపగ్రహ చిత్రాలు వచ్చాయి, పెన్సిళ్లు మూలపడ్డాయి. కొత్త యంత్రాలను చూసి జంకినవారికి చేయి పట్టుకుని నేర్పినదీ, వాటిని చూసి మురిసిపోయినవారిని నేల మీదికి దింపినదీ అక్కగారే. నమూనా విభాగానికి అధిపతి అయిన వెంటనే ఆవిడ జారీ చేసిన మొదటి ఆదేశం, ప్రతి వారం క్షేత్రానికి వెళ్లి గడ్డి కోసుకురావాలని. కోసిన గడ్డిని మూత బిగించిన డబ్బాలో తెచ్చి తూచడం, ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ తూచడం. తగ్గిన బరువే ఆ గడ్డిలో ఉన్న నీరు. చేటలూ కొడవళ్లూ పట్టుకుని బయలుదేరిన శాస్త్రజ్ఞులను చూసి పక్క శాఖవారు నవ్వుకున్న మాట నిజం. "నవ్వనివ్వండి. గడ్డికి మొహమాటం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తుంది" అనేవారు ఆవిడ.

ఆ గడ్డి కారణంగానే జరిగిన ఒక ముచ్చట ఈ సందర్భంలో చెప్పి తీరాలి. ఒక ఏడాది కార్యాలయపు ఓవెన్ పాడైపోయి, దాని మరమ్మతు దస్త్రం ఒక బల్లనుంచి మరో బల్లకు తీరిగ్గా విహరిస్తున్న కాలంలో, పని ఆగకూడదని అక్కగారు గడ్డి డబ్బాలను ఇంటికి మోసుకెళ్లి వంటింటి ఓవెన్‌లో పెట్టడం మొదలుపెట్టారు. ఇల్లంతా ఎండిన పొలం వాసన. ఒక సాయంత్రం బావగారు తన తోటి వైద్య దంపతులను భోజనానికి పిలిచారు. వచ్చిన వైద్యురాలు గుమ్మంలోనే ఆగి, "ఏదో కమ్మటి వాసనొస్తోందండీ, ఏంటి స్పెషలు?" అని అడిగింది. బావగారు సమాధానం వెతుక్కుంటూ ఉండగా, అప్పటికి బడికి వెళ్లే వయసున్న కుమార్తె ముందుకొచ్చి, "గడ్డి ఆంటీ. మా అమ్మ రోజూ గడ్డి వండుతుంది. కానీ మాకు పెట్టదు" అని ఫిర్యాదు చేసింది. ఆ దంపతులు ఆ రాత్రి కాస్త తక్కువగా తిన్నారని బావగారి కథనం.

నవ్వుకోవలసిన ఈ ముచ్చట వెనకే అక్కగారి ఉద్యోగ జీవితంలోని అత్యంత కఠినమైన ఘట్టం దాగి ఉంది. దానిని అభినందన సంచికలో ప్రస్తావించవచ్చునా అని ఈ వ్యాసకర్త సందేహించి ఆవిడనే అడిగితే, "అది లేకుండా రాస్తే మాత్రం నేను ఊరుకోను" అన్నారు. కనుక రాస్తున్నాను.

అక్కగారికి తోడబుట్టినవారు ఒక్కరే, అన్నయ్య. పడమటి లోయలో తేనెటీగలను పెంచుతారు. తల్లిదండ్రులు త్వరగా పోవడంతో చెల్లెలిని చదివించినదీ, ఈ ఉద్యోగంలో చేరిన రోజున కార్యాలయపు మెట్ల దాకా వచ్చి దిగబెట్టినదీ ఆయనే. తేనెపెట్టె మూత తీయాలంటే ముందు ఈగలకు పొగ పట్టాలి. పొగ కావాలంటే పొగడబ్బాలో నిప్పు రాజెయ్యాలి. ఎరుపు రోజున అది నేరం. అందువల్ల ప్రతి ఉదయం పటం సిద్ధమయ్యే వేళకు అక్కగారి బల్లమీద ఫోను మోగేది. "చిన్నీ, ఇవాళ మా లోయకి ఏ రంగేశావ్?" అన్న ఆ గొంతు పక్క బల్లలకు కూడా వినబడేది. ఆకుపచ్చో పసుపో అయితే అన్నయ్య నవ్వేవారు. ఎరుపైతే, "నీ రంగు పాడుగానూ" అని ఆయన నవ్వుతూనే తిట్టేవారు, చెల్లెలు నవ్వుతూనే పడేవారు.

రెండువేల పదకొండవ సంవత్సరపు వేసవిలో పడమటి లోయ ఎర్రబడింది. ఒక రోజు కాదు, ఒక వారం కాదు, పూత కాలమంతా ఎరుపే. చుట్టూ ఉన్న ప్రాంతం పసుపుకూ నారింజకూ మధ్య ఊగుతుంటే ఆ ఒక్క లోయ మాత్రం పటం మీద పుండులా కనబడేది. ఉదయపు ఫోను సంభాషణల్లో నవ్వు తగ్గుతూ వచ్చింది.

"చిన్నీ, మా దగ్గర గడ్డి ఇంకా పచ్చగానే ఉందే. వాగులో నీళ్లు కూడా పారుతున్నాయి."

"పచ్చగా కనిపించినంత మాత్రాన తడి ఉన్నట్టు కాదు అన్నయ్యా."

"మరి ఎన్నాళ్లే ఈ ఎరుపు? పెట్టెలు నిండిపోయి, తేనె పెట్టుకోడానికి చోటులేక ఈగలు గుంపులు గుంపులుగా లేచిపోతున్నాయి. మూత తీద్దామంటే నువ్వేమో నిప్పు ముట్టుకోవద్దంటావు."

"నేనేం చెయ్యను? కొలత అలా వస్తోంది."

"నీ కొలతలకి నేనే దొరికానా!"

ఆ మాట అని ఆయన ఫోను పెట్టేశారు. మరునాడు ఫోను రాలేదు. ఆ తరువాత కూడా రాలేదు. అక్కగారు చేస్తే వదినగారు ఎత్తి, "మీ అన్నయ్య పెట్టెల దగ్గరున్నారమ్మా" అనేవారు. పెట్టెల దగ్గర అప్పుడు చేయడానికి పనేమీ లేదని ఇద్దరికీ తెలుసు. ఆ వేసవిలో లోయలో ఒక్క మంట కూడా లేవలేదు. ఎరుపు పడిన రోజున మంట లేవకపోవడం తప్పు కాదని మా శాఖలో చేరిన ప్రతివారికీ మొదటి వారంలోనే నేర్పుతాం. ప్రమాదం ఉందనడం వేరు, ప్రమాదం జరుగుతుందనడం వేరు. ఆ పాఠం నేర్పేదే అక్కగారు. కానీ అన్నయ్యకు ఆ పాఠం చెప్పి ఒప్పించగల ధైర్యం ఆవిడకు కలగలేదు.

ఇందులో మరొక చిక్కుంది: కార్యాలయపు ఓవెన్ పాడైన ఏడాది అదే. ఆ లోయనుంచి వారం వారం వచ్చిన గడ్డిని ఆవిడ ఇంటి ఓవెన్‌లోనే ఆరబెట్టారు. ప్రతిసారీ అందులో నీరు, నమూనా చెబుతున్నదానికంటే ఎక్కువగానే తేలింది. గడ్డి ఒకటి చెప్పింది, పరికరాల స్తంభం మరొకటి చెప్పింది. అక్కగారు స్తంభాన్ని నమ్మారు. వంటింటి ఓవెన్ వేడి సమంగా ఉండదనీ, బహుశా నీడలో ఉన్న గడ్డిని కోసి ఉంటారనీ, డబ్బా మూత సరిగా బిగించలేదేమోననీ, ఒక్కో వారం ఒక్కో కారణం చెప్పుకుని ఆ అంకెలను పక్కన పెట్టారు. గడ్డికి మొహమాటం లేదని అందరికీ చెప్పిన మనిషే ఆ ఒక్క వేసవి గడ్డి మాట వినలేదు. ఇలాంటి పొరపాటు మా వృత్తిలో ఉన్నవారు మాత్రమే చేయగలరు. ఇంకెవరైనా అయితే కిటికీలోంచి చూసి, గడ్డి తడిగా ఉందని ఊరుకునేవారు.

తొలి వానలు పడ్డాక, అన్నయ్యను ఎలాగైనా మాట్లాడించి రావాలని ఆవిడ లోయకు బయలుదేరారు. పనిలో పనిగా పరికరాలను కూడా చూసి వద్దామని డ్రైవరును స్తంభమున్న ప్రభుత్వ కార్యాలయాల ఆవరణకు పోనిమ్మన్నారు. డ్రైవరు బండి ఆపి, చుట్టూ చూసి, "ఇక్కడొద్దు మేడమ్, ఒక్క చెట్టు లేదు. కింద తారు, పైన ఎండ. బండి ఉడికిపోతుంది" అన్నాడు. అక్కగారు దిగారు. చెప్పుల్లోంచి వేడి తగిలింది. తల ఎత్తి చూస్తే, ఎప్పుడూ గడ్డి మధ్య ఉండవలసిన పరికరాల స్తంభం, కొత్తగా తారు పరిచిన బండ్ల నిలుపు స్థలం నడుమ నిలబడి ఉంది. ఆ వేసవి మొదట్లోనే తారు వేశారట. వేసినవారికి స్తంభం దేనికో తెలియదు. తెలియవలసిన మాకు తారు సంగతి ఎవరూ చెప్పలేదు. వేసవంతా ఆ స్తంభం కొలిచింది లోయ వేడిని కాదు, తారు వేడిని. ఆ వేడినే మా నమూనా నమ్మకంగా లోయలోని గడులన్నిటికీ పంచిపెట్టింది.

ఆ రోజు ఆవిడ అన్నయ్య ఇంటికి వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను అని బండి తిప్పించేశారు.

నాటి సంచాలకులు గారు సహృదయులు, అనుభవజ్ఞులు. విషయం విని చాలాసేపు ఆలోచించి, స్తంభాన్ని వెంటనే మార్పించి, నమూనాను సరిచేసి, అంతటితో ముగిద్దామన్నారు. "అతి జాగ్రత్త వల్ల ఎవరికీ ప్రాణం పోలేదు కదమ్మా. మనమే వెళ్లి తప్పన్నామనుకోండి, రేపు మన ఎరుపు ఎవరు లెక్కచేస్తారు?" అని అడిగారు. ఆ ప్రశ్న తేలికైనది కాదు. కార్యాలయంలో సగంమంది ఆయన పక్షానే ఉన్నారు. అక్కగారు అందుకు చెప్పిన సమాధానం ఇప్పటికీ మా శిక్షణ తరగతుల్లో వినిపిస్తూనే ఉంటుంది. "ఇప్పటికే ఎవరూ లెక్కచెయ్యట్లేదు సార్. అందరికంటే ముందు మా అన్నయ్యే లెక్కచెయ్యట్లేదు. వేసవంతా వాళ్ల లోయ పచ్చగా ఉండటం వాళ్లు కళ్లారా చూశారు. మనం తప్పన్న సంగతి వాళ్లకి తెలుసు, మనకి తెలుసన్న సంగతే తెలియదు. రేపు నిజంగా ఎర్రబడిన రోజున వాళ్లు కదలకుండా కూర్చుంటే, ఆ పాపం ఎవరిది?" సంచాలకులు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "వెళ్లిరండి" అన్నారు.

లోయలోని పాఠశాల సమావేశ మందిరంలో ఆవిడ మాట్లాడిన సభకు మా కార్యాలయంనుంచి హాజరైనవారు ఇద్దరే. మిగతావారంతా తేనె పెంపకందారులు, పండ్లతోటల రైతులు, కట్టెకోత మిల్లు కార్మికులు, వారి కుటుంబాలు. అన్నయ్య ఆఖరి వరసలో, తలుపు పక్కన. తారు సంగతి, గడ్డి సంగతి, తాను గడ్డి మాట వినని సంగతి అక్కగారు దాపరికం లేకుండా చెప్పారు. మందిరంలో గొణుగుడు లేచింది. ఒక రైతు నిలబడి, "బాగుందమ్మా, ఇప్పుడొచ్చి చెప్తే మా నష్టం తిరిగొస్తుందా? ఇకమీదట మిమ్మల్ని ఎలా నమ్మమంటారు?" అని నిలదీశాడు.

"నష్టం తిరిగిరాదండీ. ఇప్పటికిప్పుడు నమ్మమని కూడా అడగను" అన్నారు ఆవిడ. "ఎరుపు వేసిన రోజున ఎందుకు వేశారని ఫోను చేసి అడగండి. స్తంభం ఏం చెప్పిందో చెప్తాం, గడ్డి ఏం చెప్పిందో చెప్తాం. రెండిటికీ పొసగకపోతే, పొసగలేదనే చెప్తాం."

ఆ మాటకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సభ ముగిసేసరికి ఆఖరి వరసలోని కుర్చీ ఖాళీగా ఉంది. వదినగారు మాత్రం మంచినీళ్ల సీసా పట్టుకుని వచ్చి, "తాగు తల్లీ, గొంతెండిపోయింది నీకు" అన్నారు. అన్నయ్య గురించి ఆవిడా అడగలేదు, ఈవిడా చెప్పలేదు.

నాటినుంచి మా పటం కింద రెండు వరుసలు అచ్చవుతున్నాయి: పరికరాలు చెప్పినది ఒకటి, గడ్డి చెప్పినది మరొకటి. రెండూ కలవని చోట ఆ మాట స్పష్టంగా ఉంటుంది. ఈ పద్ధతిని మొదట్లో పరిహసించిన ఇతర ప్రాంతాల కార్యాలయాలు ఇప్పుడు మననుంచే నేర్చుకుంటున్నాయంటే అందుకు కర్త అక్కగారే. అయితే ఆ గుర్తింపేదీ ఆవిడకు ఊరటనివ్వలేదని దగ్గరగా చూసినవారికి తెలుసు. పటం సిద్ధమయ్యే వేళకు ఆవిడ చూపు ఫోను మీదికి పోయేది. అది మోగేది కాదు. లోయ ఇక ఎప్పటికైనా తన మాట నమ్ముతుందా, అన్నయ్య నమ్ముతారా అన్న బెంగ ఆవిడను రెండేళ్లకు పైగా వదలలేదు.

రెండువేల పధ్నాలుగవ సంవత్సరం వేసవి చివరలో ఒక ఉదయం పడమటి లోయ మళ్లీ ఎర్రబడింది. గడ్డి మధ్యకు మార్చిన స్తంభం అదే చెప్పింది; లోయనుంచి కోసుకొచ్చి కొత్త ఓవెన్‌లో ఆరబెట్టిన గడ్డి అదే చెప్పింది. మధ్యాహ్నానికి గాలి దిశ మారి బలపడుతుందని వాతావరణ శాఖ తెలిపింది. అధికారికంగా పంపవలసిన హెచ్చరికలన్నీ పంపాక, అక్కగారు అన్నయ్య నంబరుకు ఫోను చేశారు. చాలాసేపు మోగింది. ఈసారి ఎత్తినది వదినగారు కాదు.

"చెప్పు." అంతే, చిన్నీ లేదు.

"అన్నయ్యా, ఇవాళ మీ లోయ ఎరుపు."

"స్తంభం చెప్పిందా?"

"స్తంభం చెప్పింది. గడ్డి కూడా చెప్పింది. రెండూ ఒకే మాట మీదున్నాయి."

"మంట ఖాయంగా వస్తుందంటావా?"

గదిలో ఉన్నవారందరూ పని ఆపి ఆవిడవైపు చూస్తున్నారు. అవునంటే ఆయన కదులుతారు. అవునని అబద్ధమాడినా ఆ క్షణంలో ఎవరూ తప్పుపట్టేవారు కారు.

"అది నాకు తెలియదన్నయ్యా. రాకపోవచ్చు కూడా. వస్తే మాత్రం, వచ్చాక బయల్దేరడానికి వ్యవధి ఉండదు."

అవతల ఆయన వదినగారిని కేకేయడం వినబడింది. తరువాత, "సరే. మీ వదినని బండెక్కిస్తున్నా. నువ్వు ఫోను పెట్టెయ్, నేను చుట్టుపక్కలవాళ్లకి చెప్పాలి" అన్నారు.

ఆయన చెప్పారు. ఇంటింటికీ వెళ్లి, హారను మోగిస్తూ, "మా చెల్లెలు ఫోను చేసింది, లేవండి లేవండి" అని చెప్పారు. సభలో నిలదీసిన రైతే తన ట్రాక్టరులో ముసలివారిని ఎక్కించుకుని ముందు బయలుదేరాడు. మధ్యాహ్నం దాటాక కొండ అవతల లేచిన మంట, మారిన గాలితో లోయలోకి దిగింది. ఇళ్లు కొన్ని కాలిపోయాయి, తోటలు మాడిపోయాయి, తేనెపెట్టెలు ఒక్కటీ మిగలలేదు. మనుషులందరూ మిగిలారు.

మరునాడు శిబిరంలో, ప్లాస్టిక్ కుర్చీలో మసిపట్టిన చొక్కాతో కూర్చున్న అన్నయ్య ముందుకు వెళ్లి అక్కగారు, "పెట్టెలన్నీ పోయాయటగా అన్నయ్యా" అన్నారు. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "చెక్క పెట్టెలే కదే చిన్నీ, మళ్లీ చేసుకుంటాను. నువ్వు నిన్న ఖాయంగా వస్తుందని చెప్పుంటే నేను కదిలేవాణ్ని కాదు. తెలియదన్నావు చూడు, అందుకు కదిలాను" అన్నారు. ఎంతటి ఒత్తిడిలోనూ చెదరని ఆవిడ అక్కడ, అందరి ముందూ, వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ తరువాతి ఉదయం, పటం సిద్ధమయ్యే వేళకు, ఆవిడ బల్లమీద ఫోను మోగింది. లోయలో ఒక్క తేనెపెట్టె లేదు, పొగడబ్బాతో పని లేదు; అయినా, "చిన్నీ, ఇవాళ మాకు ఏ రంగు?" అన్న గొంతు పక్క బల్లలకు కూడా వినబడింది. ఆ రోజు మేమెవరమూ సరిగా పనిచేయలేదని ఒప్పుకోవడానికి సంకోచించడం లేదు.

తదనంతర కాలంలో అక్కగారు సంయుక్త సంచాలకులుగా పదోన్నతి పొంది, పరికరాల స్తంభాలన్నిటినీ ఏటా స్వయంగా చూసి రావాలన్న నియమాన్ని అమలుపరచి, యువ శాస్త్రజ్ఞుల తరాన్నొకదాన్ని తీర్చిదిద్దారు. వారికి లభించిన ప్రశంసాపత్రాల వివరాలు ఈ సంచిక వెనక పుటల్లో ఉన్నాయి. ఆవిడకు ఆ పుటలు చదివే ఓపిక ఉండదని తెలుసు గనుక ఇక్కడ వాటిని మళ్లీ ఏకరువు పెట్టడం లేదు.

గత వారం ఈ సంచిక కోసం నాలుగు మాటలు రాసి పంపమని అన్నయ్యగారిని కోరాం. తనకు రాయడం రాదని, ఆవిడ స్థానంలోకి వస్తూ, మరునాటినుంచే పటం పని అందుకోబోతున్న ఇంజనీరు అమ్మాయితో ఒకసారి మాట్లాడతానని ఆయన అన్నారు. ఆ అమ్మాయి ఫోను అందుకుంది.

"రేపటినుంచి పటం నువ్వే వేస్తావామ్మా?"

"అవునండీ."

"గడ్డి కోయిస్తావా?"

"నేనే వెళ్లి కోస్తానండీ."

"సరే. తప్పయితే వచ్చి చెప్తావా?"

ఆ అమ్మాయి అక్కగారివైపు చూసింది. అక్కగారు కిటికీవైపు చూస్తున్నారు. ఈ సమాధానంలో తాను సాయం చేయకూడదని ఆవిడకు తెలుసు.

"వస్తానండీ" అంది ఆ అమ్మాయి.

"అయితే రేపు పొద్దున్న ఫోను చేస్తాను" అన్నారు అన్నయ్యగారు.

మూడున్నర దశాబ్దాల సేవకు ఇంతకంటే గొప్ప సన్మానపత్రం రాయగల శక్తి మా కార్యాలయంలో ఎవరికీ లేదు. పూజ్యులైన అక్కగారూ, ఇకపై మీరు ఉదయాన లేచి ఆకాశంవైపు చూసినప్పుడు అందులో గాలివేగమూ తేమశాతమూ కాక ఆకాశమే కనబడాలని, మీ వంటింటి ఓవెన్‌లో తినదగిన పదార్థాలు మాత్రమే ఉడకాలని (ఇది బావగారి ప్రత్యేక విన్నపం), లోయలో మళ్లీ నిండుతున్న తేనెపెట్టెల మధ్య అన్నాచెల్లెళ్లిద్దరూ తీరిగ్గా కూర్చుని ఏ రంగూ అడగని కబుర్లు చెప్పుకోవాలని, సంపూర్ణ ఆరోగ్యంతో, చల్లని మనసుతో, నిండు నూరేళ్లూ మీరు మా మధ్య వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం. మేము గడ్డి కోస్తూనే ఉంటాం. తప్పయితే, వెళ్లి చెబుతాం.